పాత చేతికి క్రొత్త ఒడంబడిక

ఏరు దాటిన వెనుక తెప్పను తగులవేయుట లోకమునకు క్రొత్త కాదు. ఒంట్లో శక్తి యున్నంత కాలము పని చేయించుకొని, శక్తి సన్నగిల్లిన నాడు మొగము చాటు చేయు యజమానులు ఎల్ల దేశములందును కలరు. తన బలము తగ్గినదని యెరిగియు నిన్నటి ధరనే నేడును అడుగు పనివారును లేకపోలేదు. ఈ రెండింటి నడుమ మర్యాద గల త్రోవ ఒకటి కలదా? అమెరికా దేశపు క్రీడారంగమున జరిగిన ఒక చిన్న ఒప్పందము ఈ ప్రశ్నకు కొంత సమాధానము చెప్పుచున్నది. 2021 జనవరిలో వాషింగ్టన్ నేషనల్స్ అను బేస్‌బాల్ జట్టు, 36 ఏండ్ల రయన్ జిమర్మన్‌ను ఒక్క సంవత్సరమునకు, 10 లక్షల డాలర్ల జీతముపై తిరిగి చేర్చుకొనెను.

పది లక్షల డాలర్లు స్వల్పమా యని శ్రోతలు ఆశ్చర్యపడవచ్చును. మన యింటి లెక్కలలో అది పెద్ద మొత్తమే. కాని ఆ ఆట లెక్కలు వేరు. 2019లో ఇదే ఆటగానికి ఇదే జట్టు ఇచ్చిన జీతము 1 కోటి 80 లక్షల డాలర్లు. అనగా రెండేండ్లలో అది పదునెనిమిదవ వంతునకు దిగినది. 2021లో ఆ స్థాయి పోటీలలో నిన్నగాక మొన్న అడుగిడిన కుఱ్ఱవానికైనను ఇచ్చి తీరవలసిన కనీస వేతనము 5 లక్షల 70 వేల 500 డాలర్లు. పదునైదేండ్లు ఆడిన వీరునికి దక్కినది దానికి రెండింతలైనను కాదు.

బేస్‌బాల్ ఆటను మన శ్రోతలలో చూచినవారు తక్కువ గనుక, ఆతని స్థానమును గూర్చి రెండు మాటలు చెప్పెదము. ఆ ఆటలో బంతిని కొట్టినవాడు బ్యాటు విడిచి, 90 అడుగుల దూరమున నున్న మొదటి బేసునకు పరుగెత్తవలెను. నేల మీద దొర్లి వచ్చిన బంతిని అందుకొన్న ఎదుటివాడు ఆతనికంటె ముందుగ బంతిని ఆ బేసునకు చేర్చినచో, పరుగెత్తినవాడు అవుట్. ఆ బేసుపై ఒక పాదము మోపి, వంకరగ వచ్చినను, నేలను తాకి ఎగిరి వచ్చినను, బంతిని జారనీయక పట్టువాడే మొదటి బేసు ఆటగాడు. ఇతరుల విసురులోని తప్పును దిద్దుట ఆతని పని. ఆతనికి దూరము విసరవలసిన అవసరము తక్కువ. దూరము పరుగెత్తవలసిన అవసరమును తక్కువే. అందుచేత భుజము అరిగినవారు, కాలి వేగము తగ్గినవారు తఱచుగ ఆ స్థానమునకు చేరుదురు.

జిమర్మన్ చేరినదియు అట్లే. తొలినాళ్లలో ఆతడు మూడవ బేసు కాపరి. అక్కడినుండి మైదానము ఈ కొస నుండి ఆ కొసకు బంతిని బాణమువలె విసరవలెను. 2009లో ఆ స్థానమున ఉత్తమ రక్షకునకిచ్చు గోల్డ్ గ్లవ్ బహుమానమును ఆతడు పొందెను. పిదప కుడి భుజము గాయపడి, విసరుట కష్టమయ్యెను. 2015 నుండి ఆతడు మొదటి బేసునకు మారెను.

జట్టునకును ఆతనికిని గల బంధము జట్టు పుట్టుకనాటిది. కెనడాలోని మాంట్రియల్ నగరపు జట్టు 2005లో వాషింగ్టన్‌కు తరలివచ్చి నేషనల్స్ అను పేరు దాల్చెను. ఆ యేట యువకులను ఎన్నుకొను సభలో ఆ జట్టు మొట్టమొదట పిలిచిన పేరు వర్జీనియా విశ్వవిద్యాలయ విద్యార్థియగు జిమర్మన్‌ది. మూడు నెలలు తిరుగకముందే, సెప్టెంబరులో, ఆతడు పెద్దల పోటీలలో ఆడెను. 2008 మార్చి 30న జట్టు క్రొత్త మైదానము తెరచిన రాత్రి, ఆఖరి ఇన్నింగ్స్‌లో హోమ్ రన్ కొట్టి అట్లాంటాపై గెలుపు తెచ్చినవాడును ఆతడే. అట్టి తుది దెబ్బతో ఆటను ముగించిన హోమ్ రన్‌లు ఆతని జీవితమున 11 కలవు.

ఇక జీతముల పద్ధతి వినదగినది. ఆ ఆటలో తొలి మూడేండ్లు ఇంచుమించు జట్టు చెప్పినదే జీతము. పిమ్మటి మూడేండ్లు మధ్యవర్తి తీర్పుతో కొంత పెరుగును. ఆరేండ్లు నిండిన పిదపనే ఆటగాడు స్వతంత్రుడు. అందువలన మిక్కిలి చురుకుగ ఆడు యౌవనమున తక్కువయు, చురుకు తగ్గు నడివయస్సున ఎక్కువయు ముట్టుట వాడుక. 2012లో జిమర్మన్‌తో కుదిరిన దీర్ఘకాలపు ఒడంబడిక సుమారు 10 కోట్ల డాలర్లది. అది 2014 నుండి 2019 వరకు నడచినది. ఆ యేండ్లలో గాయములును ఆతనిని వదలలేదు. 2017లో 36 హోమ్ రన్‌లు కొట్టి మెప్పించినవాడు, 2019లో 162 ఆటలకుగాను 52 మాత్రమే ఆడగలిగెను.

అయినను ఆ 2019వ సంవత్సరమే ఆతనికి పంట చేతికి వచ్చిన యేడు. తొలి 50 ఆటలలో 31 ఓడిన జట్టు, తేరుకొని, తన చరిత్రలో మొదటిసారి వరల్డ్ సిరీస్‌కు చేరెను. అక్టోబరు 22న హ్యూస్టన్‌లో, మహా వేగముగ బంతి విసరు గెరిట్ కోల్‌ను ఎదిరించి ఆ సిరీస్‌లో జట్టునకు తొలి హోమ్ రన్ కొట్టినవాడు జిమర్మన్. ఏడు ఆటల పోరులో జట్టు విజేతయయ్యెను. మరుసటి యేటికి 1 కోటి 80 లక్షలిచ్చి ఆతనిని ఉంచుకొను హక్కును జట్టు వదలుకొనెను. అది అన్యాయమనలేము, 52 ఆటలు ఆడిన దేహమునకు ఆ ధర తగదు. 2020 జనవరిలో 20 లక్షలకు ఆతడు తిరిగి సంతకము చేసెను.

ఇంతలో కోవిడ్ వ్యాపించినది. 162 ఆటల సీజను 60 ఆటలకు కుదించబడినది. ఆతని తల్లి మల్టిపుల్ స్క్లెరోసిస్ అను నరముల వ్యాధితో బహుకాలముగ బాధపడుచుండెను. ఆ వ్యాధిని జయించు కృషికై ఆతడు 2006లోనే ఒక సంస్థను స్థాపించియుండెను. ఇంటిలో ముగ్గురు బిడ్డలు, అందొకటి కనుగ్రుడ్డు. ఆతడు ఆ యేడు ఆడనని చెప్పి, కుదించిన సీజనుకు రావలసిన సుమారు 7 లక్షల 40 వేల డాలర్లను వదలుకొనెను. అయితే ఇది విరమణ కాదని స్పష్టముగ ప్రకటించెను.

ఒక సంవత్సరము బంతి ముట్టని 36 ఏండ్లవానిని మరల పిలువవలెనా? జట్టు అప్పటికే, 2020 డిసెంబరులో, జాష్ బెల్ అను ఆటగానిని మొదటి బేసునకు తెచ్చుకొనియుండెను. జిమర్మన్‌కు మిగిలినది సహాయకుని స్థానము. కుడిచేతి వాటమున కొట్టువానికి ఎడమచేతి వాటపు పిచ్చరు బంతి తేటగ కనిపించును గనుక, అట్టి పిచ్చరు వచ్చిన నాడును, ముఖ్య ఆటగానికి విశ్రాంతి యిచ్చిన నాడును ఆడుట. ఆతడు ఆ స్థానమునకును, ఆ జీతమునకును సమ్మతించెను.

ఫలితమేమి? 2021లో ఆతడు 110 ఆటలలో పాల్గొని 14 హోమ్ రన్‌లు కొట్టెను. 2019లో ఆతడు ఆడలేకపోయిన ఆటల సంఖ్యయు సరిగ 110! జట్టు మాత్రము దిగజారెను. జూలై చివర మాక్స్ షెర్జర్, ట్రే టర్నర్ మొదలుగ ఎనిమిది మందిని ఇతర జట్లకు పంపివేసెను. 65 గెలిచి 97 ఓడి, తన విభాగమున అడుగున నిలిచెను. ఆ ఖాళీ యింటిలో దీపము పెట్టినట్లు మిగిలినవాడు జిమర్మన్. అక్టోబరు 3న బోస్టన్‌తో చివరి ఆట. ఎనిమిదవ ఇన్నింగ్స్‌లో ఆతనిని మైదానము నుండి పిలువగ, జనులందరు లేచి నిలిచి చప్పట్లు కొట్టిరి. గెలిచి తీరవలసిన ఆట ఆడుచున్న బోస్టన్ ఆటగాండ్రును చేతులు కలిపిరి.

2022 ఫిబ్రవరిలో ఆతడు విరమించెను. 1,799 ఆటలు, 284 హోమ్ రన్‌లు, అన్నియు ఒక్క జట్టునకే. ఆ జూన్ 18న ఆతని 11వ సంఖ్యను మరెవ్వరును ధరింపకుండ జట్టు ప్రత్యేకించి ఉంచినది. నేషనల్స్ ఆటగాండ్రలో ఆ గౌరవము పొందిన మొదటివాడు ఆతడే.

ఈ కథనుండి తొందరపడి నీతి తీయరాదు. ముసలి పనివానికి జీతము తగ్గించుట ధర్మమని ఎవ్వరును దీనిని చూపి వాదింపకుందురు గాక. జిమర్మన్ పది లక్షలకు తల యూపగలిగెనన్న, అంతకుముందే ఆతని శ్రమకు తగిన ధర ముట్టియుండుటచేతనే. నెల జీతముపై సంసారము నీదువానికి ఆ ఔదార్యము చూపు వీలు లేదు. వానినుండి దానిని కోరుట యజమానికి తగదు.

మేము గ్రహించినది మరియొకటి. 2019 నాటికి ఉభయుల లెక్కలు సరిపోయినవి. జట్టు ఆతనికి బాకీ లేదు. ఆతడు జట్టునకు బాకీ లేడు. లెక్క ముగిసిన పిదప విడిపోవుట సులభము, ఎవ్వరును తప్పుపట్టరు. అయినను ఒకరు నీ చోటు నీకున్నదనిరి. మరియొకరు ఆ చోటు చిన్నదైనను చాలుననిరి. బాకీ ఉన్నప్పుడు పిలుచుట వ్యవహారము. బాకీ తీరిన వెనుక పిలుచుట మర్యాద. ఆ పిలుపును చిన్నతనముగ ఎంచక వచ్చి, ఇచ్చిన పనిని నెరవేర్చుట అంతకు మించిన మర్యాద.