చాక్లెట్ ఊరి ఎలుగుబంట్లు

అమెరికాలో, పెన్సిల్వేనియా రాష్ట్రంలో హెర్షీ అనే ఊరుంది. చాక్లెట్ ఫ్యాక్టరీ చుట్టూ పెరిగిన ఊరు. అక్కడి ఐస్ హాకీ జట్టుకు 1930లలో ‘హెర్షీ బార్స్’ అని పేరు పెట్టారు. ఇది జట్టా, చాక్లెట్ ప్రకటనా అన్న విమర్శ రావడంతో 1936లో ‘బేర్స్’ అని మార్చారు. అలా ఎలుగుబంటి దాని గుర్తయింది. జెర్సీల మీద చాక్లెట్ రంగు మాత్రం నేటికీ ఉంది. నన్నడిగితే అదీ ప్రకటనే!

నేషనల్ హాకీ లీగ్ (ఎన్‌హెచ్‌ఎల్)కు ఒక మెట్టు కింద ఉండే అమెరికన్ హాకీ లీగ్‌లో 1938 నుంచి ఈ జట్టు ఆడుతోంది. రాణించిన ఆటగాళ్లు పైలీగుకు వెళ్లిపోతుంటారు. ఊరివాళ్లకు మిగిలేది పేరూ, బొమ్మా, రంగే. ఏటా ఒక మ్యాచ్‌లో తమ జట్టు తొలి గోల్ కొట్టగానే ప్రేక్షకులు మంచు మైదానంలోకి టెడ్డీబేర్లు విసురుతారు. 2025 జనవరిలో 1,02,343 బొమ్మలు పడ్డాయి. వాటిని సేవాసంస్థలకు ఇచ్చేస్తారు.