కండువా కుచ్చులు
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



కార్ఖానా యనగా పనిచోటు. ఆ పేరుగల తావున నూలు కుచ్చులను గూర్చి మాటలాడుట తగని పని కాదనుకొందును.

వస్త్రపు కుచ్చులకు సంస్కృతమున ‘దశ’ యని పేరు. ఈ యర్థమున దానిని బహువచనముననే వాడవలెనని అమరకోశము చెప్పుచున్నది. కారణము నాకు నిఘంటువు చెప్పలేదు, కత్తెర చెప్పినది. మా తండ్రిగారి పోచంపల్లి కండువా కొసల వ్రేలాడు నూలు వ్యర్థమని తలచి, ముడులతో సహా కత్తిరించితిని. (లెక్కలు వ్రాయు చేతికి కొట్టివేత యలవాటు!) రెండు ఉతుకులకే పేక యూడి రాసాగినది. మగ్గమునుండి కోయునపుడు పడుగు కొసలు విడిచి ముడివేయుట ఆ పేకను కాచుటకేనని అప్పుడు తెలిసినది.

1951లో వినోబాభావే భూదానమునకు నాంది పలికిన ఆ పోచంపల్లికే, నేసిన యింటికే, కొనిపోతిని. వృద్ధుడైన నేతగాడు మందలింపలేదు. ఊడిన మేర తీసివేసి, కొస మడచి కుట్టెను. కొత్త నూలు ముడుచుకొనును గనుక ముందే తడిపి యారవేసెను. కుచ్చు పొడవునకు రెట్టింపు, ముడికి మరికొంత చేర్చి తెంచెను. నాలుగేసి పోగులను నడుమకు మడచి, క్రోషియా సూదితో ఆ మడతను కొసగుండ లాగి, చివరలను అందులో దూర్చి బిగించెను.

కూలి యెంత యని యడిగితిని.

“మీరు కోసిన కుచ్చులు ముడివేసినది మా యింటి ఆడువారు. వారి కూలి నాడు ఏ లెక్కలోను ఎక్కలేదు” అనెను.

రెండింటికిని కలిపి యిచ్చి వచ్చితిని.