కొండ దేశం అప్పు, దీవుల దేశం అప్పు

(పాఠశాల స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

"బడి జ్ఞాపకాలు అందరూ చెబుతారు, నువ్వు వేరే ఏదైనా మాట్లాడు" అన్నారు నిర్వాహకులు. అందుకని రెండు చిన్న దేశాల లెక్కలు పట్టుకొచ్చాను. నేను ఇంజనీరును, ఆర్థికవేత్తను కాను. అయినా అప్పుతో మాకు సంబంధం లేదనలేను. ఆనకట్టకైనా, వంతెనకైనా, విమానాశ్రయానికైనా మేం వేసే అంచనాలే చివరికి ప్రజల అప్పు పద్దులో తేలతాయి. ముప్పై ఏళ్లు అంచనాలు వేశాక ఈ సంగతి కాస్త ఆలస్యంగా నా బుర్రకెక్కింది. అదే మీతో పంచుకుంటాను.

ఆ రెండు దేశాలు భూటాన్, మాల్దీవులు. భూటాన్ జనాభా ఏడు లక్షల పైచిలుకు, మాల్దీవులది ఐదు లక్షల పైచిలుకు. రెండూ కలిపినా మన విశాఖపట్నం జనాభాకు సరిపోవు. భూటాన్ విస్తీర్ణం 38 వేల చదరపు కిలోమీటర్లు, అంతా కొండలూ లోయలూ. మాల్దీవుల్లో దీవులు 1,190 దాకా ఉన్నా, నేలంతా కలిపితే దాదాపు 300 చదరపు కిలోమీటర్లే. ఒకదానికి సముద్రం లేదు. రెండోదానికి నది లేదు. భూటాన్ నదుల నీటితో కరెంటు తీసి మనకు అమ్ముతుంది. మాల్దీవులు సముద్రాన్ని చూపించి పర్యాటకుల్ని రప్పించుకుంటాయి. స్థూలంగా ఇద్దరికీ ఒక్కో పంటే.

ఇప్పుడు అసలు లెక్క. ఇటీవలి ఏళ్లలో ఈ రెండు దేశాల ప్రభుత్వ అప్పూ జీడీపీలో నూరు శాతాన్ని దాటే ఉంది. అంటే దేశమంతా ఏడాది పాటు సంపాదించినదంతా కట్టినా అప్పు తీరదు. పేపర్లో ఈ శాతం ఒక్కటే చూసినవాడు రెండూ ఒకే పడవలో ఉన్నాయనుకుంటాడు. కానీ అంతర్జాతీయ ద్రవ్యనిధి, ప్రపంచ బ్యాంకు కలిసి వేసే అంచనాల్లో భూటాన్‌ది మధ్యస్థ ప్రమాదం, మాల్దీవులది తీవ్ర ప్రమాదం. శాతాలు దగ్గరదగ్గరగా ఉన్నా ప్రమాదంలో ఇంత తేడా ఎందుకు?

మొదటి కారణం, ఆ అప్పుతో ఏం కట్టారన్నది. భూటాన్ అప్పులో పెద్ద భాగం జలవిద్యుత్తు కోసం భారతదేశం నుంచి తెచ్చుకున్నది. వాంగ్‌చు నది మీద 336 మెగావాట్ల చుఖా కేంద్రం 1980ల చివర్లో పూర్తయింది. దానికి మన దేశం 60 శాతం గ్రాంటుగా, 40 శాతం అప్పుగా ఇచ్చింది. తర్వాత అదే నది మీద 1,020 మెగావాట్ల తాలా వచ్చింది. 2019లో 720 మెగావాట్ల మాంగ్‌దేచు ప్రారంభమైంది. ఈ కేంద్రాల మిగులు కరెంటు కొనేది మనమే. అప్పు, వడ్డీ, నిర్వహణ ఖర్చు అన్నీ కలుపుకునే యూనిట్ ధర కడతారు. మాంగ్‌దేచు కరెంటుకు మొదట ఒప్పుకున్న ధర యూనిట్‌కు 4 రూపాయల 12 పైసలు. అప్పిచ్చినవాడే సరుకు కొంటున్నాడన్నమాట. చుఖా అప్పు ఎప్పుడో తీరిపోయింది. టర్బైన్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి.

మాల్దీవుల సంగతి వేరు. అక్కడ జనం ఉండే దీవులు దాదాపు 190. ప్రతి దీవికీ ఒక రేవు, ఒక డీజిల్ జనరేటరు, ఒక బడి, ఒక ఆస్పత్రి కావాలి. వెయ్యి మంది ఉన్న దీవికైనా ఇవి తప్పవు. మైదానంలో ఒక్క సబ్‌స్టేషన్‌తో తీరే పని అక్కడ పాతిక చోట్ల చేయాలి. వాళ్లు దుబారా చేశారని నేననను. మాలే నగరాన్ని విమానాశ్రయ దీవితో, హుల్‌హుమాలేతో కలుపుతూ 2018లో చైనా సాయంతో వంతెన కట్టారు. ఇళ్లు కట్టారు, కొత్త రన్‌వే వేశారు. ఇవన్నీ కావలసినవే. కానీ వంతెన మీద జనం నడిచినంత మాత్రాన డాలర్లు రావు. దాని మేలు పరోక్షం, నెమ్మదిగా అందుతుంది. వాయిదా మాత్రం ప్రత్యక్షం, తేదీకి వచ్చేస్తుంది.

రెండో కారణం, ఏ కరెన్సీలో అప్పు అన్నది. మన బడిలో లెక్క సరిగ్గా చేసినా చివర ప్రమాణం రాయకపోతే మార్కు కోసేవారు, గుర్తుందా? "ఐదు ఏమిటి? మీటర్లా, మామిడికాయలా?" అని అడిగేవారు. దేశాల అప్పుకు ప్రమాణం కరెన్సీ. భూటాన్ జలవిద్యుత్తు అప్పు మన రూపాయల్లో ఉంది. వాళ్ల గుల్‌ట్రుమ్ విలువ రూపాయికి సమానంగా కట్టేసి ఉంటుంది. డాలరు ముందు రూపాయి పడిపోతే గుల్‌ట్రుమ్ కూడా దానితోపాటే పడుతుంది, కాబట్టి ఆ అప్పు బరువు పెరగదు. కరెంటు డబ్బులూ రూపాయల్లోనే వస్తాయి.

మాల్దీవులు 2021లో సుకూక్ అమ్మాయి. అంటే ఇస్లామిక్ పద్ధతిలో జారీ చేసే బాండు. మొత్తం 50 కోట్ల డాలర్లు, ఏటా 9.875 శాతం రాబడి, 2026 ఏప్రిల్ గడువు. ఇటు భూటాన్ మాంగ్‌దేచుకు తెచ్చుకున్న అప్పు వడ్డీ 10 శాతం. మన ఊళ్ల లెక్కలో చెబితే రెండూ నూటికి నెలకు ఎనభై రెండు, ఎనభై మూడు పైసలు. రేటు దాదాపు ఒక్కటే. కానీ ఒకటి తన దగ్గర దొరికే రూపాయల్లో, పదిహేనేళ్ల వాయిదాల్లో తీర్చేది. రెండోది డాలర్లలో, అసలంతా ఒక్క రోజున కట్టాల్సింది.

"పర్యాటకులు ఇచ్చేది డాలర్లే కదా?" అని మీరడగవచ్చు. నిజమే. 2024లో ఇరవై లక్షల మందికి పైగా అక్కడికి వెళ్లారు. అయితే ఆ అతిథికి పెట్టే బియ్యం, కూరగాయలు, పడవకు పోసే డీజిలు దాదాపు అన్నీ దిగుమతే. వచ్చిన డాలరు చాలావరకు వచ్చిన దారినే వెళ్లిపోతుంది. 2024లో విదేశీ నిల్వలు కరిగిపోయి, సుకూక్ వాయిదా కడతారా లేదా అన్న అనుమానం ప్రపంచమంతా పాకింది. రేటింగ్ సంస్థలు ర్యాంకు దించాయి. ఆ అక్టోబరులో మన రిజర్వు బ్యాంకు 40 కోట్ల డాలర్లు, మరో 3,000 కోట్ల రూపాయల మార్పిడి సదుపాయం ఇచ్చాక ఊపిరి పీల్చుకున్నారు.

మూడో కారణం నిష్పత్తిలోనే ఉంది. అప్పు లవం, జీడీపీ హారం. మనందరి కళ్లూ లవం మీదే ఉంటాయి. 2019లో మాల్దీవులకు 17 లక్షల మంది పర్యాటకులు వచ్చారు. 2020లో కరోనా వల్ల ఆ సంఖ్య ఐదున్నర లక్షలకు పడిపోయింది. దేశ ఉత్పత్తి దాదాపు మూడో వంతు తగ్గింది. అప్పులో ఒక్క రూపాయి చేరకపోయినా, హారం మూడో వంతు తగ్గితే 80 శాతం కాస్తా 120 అవుతుంది. కాగితం తీసుకుని వేసి చూడండి. భూటాన్ ఉత్పత్తి కూడా ఆ ఏడాది దాదాపు పదో వంతు తగ్గింది. కానీ కరోనా వచ్చిందని నది ఆగలేదు. అప్పుడే మొదలైన మాంగ్‌దేచు పుణ్యమా అని కరెంటు ఎగుమతులు పెరిగాయి.

ఇంతవరకు విన్నవాళ్లు భూటాన్ బుద్ధిమంతుడు, మాల్దీవులు దూబరదిండి అనుకుంటే నేను సరిగ్గా చెప్పనట్టే. భూటాన్ కష్టాలు భూటాన్‌వి. 2012లో అక్కడ రూపాయల కరువు వచ్చింది. దిగుమతులు పెరిగి, ఉన్న డాలర్లలో కొన్ని అమ్మి రూపాయలు కొనుక్కున్నారు. కార్లకు, ఇళ్లకు బ్యాంకు అప్పులు ఆపేశారు. 2022లో మళ్లీ నిల్వలు తగ్గితే వాహనాల దిగుమతి నిషేధించారు. చలికాలంలో నదులు సన్నబడితే వాళ్లే మన దగ్గర కరెంటు కొంటారు. చదువుకున్న కుర్రవాళ్లు ఆస్ట్రేలియా దారి పడుతున్నారు. నది ఉంది కానీ ఉద్యోగాలు లేవు.

ఇంజనీరుగా నన్ను నిద్రపోనివ్వనిది మాత్రం పునాత్సాంగ్‌చు-1. ఇది 1,200 మెగావాట్ల ప్రాజెక్టు. 2007లో ఒప్పందం జరిగినప్పుడు అంచనా దాదాపు 3,500 కోట్ల రూపాయలు. 2013 జులైలో ఆనకట్ట దగ్గర కుడి గట్టు కొండ జారింది. అక్కడే ఆనకట్ట కట్టాలా, పైన బ్యారేజీతో సరిపెట్టాలా అన్న వాదన ఏళ్ల తరబడి సాగింది. అంచనా 9,300 కోట్లు దాటింది. పక్కనున్న 1,020 మెగావాట్ల పునాత్సాంగ్‌చు-2ను 2025 నవంబరులో జాతికి అంకితం చేశారు. అప్పుడే మొదటిదాని ఆనకట్ట పని మళ్లీ మొదలుపెట్టాలని రెండు దేశాలూ అనుకున్నాయి. ఈ ప్రాజెక్టులో అప్పు వాటా 60 శాతం, వడ్డీ 10 శాతం. పది శాతం మీద పదేళ్ల ఆలస్యమంటే, బారు వడ్డీ లెక్కలోనే వడ్డీ అసలంత అవుతుంది. ఒక్క యూనిట్ కరెంటు రాకముందే! తిరిగే టర్బైను మీదున్న అప్పు ఆస్తికి జోడీ. జారిన కొండ మీదున్న అప్పు ఉత్త బరువు.

ఇక్కడ నా సంగతి ఒకటి ఒప్పుకోవాలి. ఉద్యోగం తొలినాళ్లలో ఒక పనికి, గడువు కలిసొస్తుందని బోరు పరీక్షలు తగ్గించాం. అందరం సంతోషించాం కూడా. పునాది తవ్వాక మెత్తటి రాయి తగిలింది. డిజైను మార్చి మళ్లీ దారిలో పడేసరికి ఏడాదిన్నర పోయింది. కాంక్రీటు ఎంత పెరిగిందో, ఉక్కు ఎంత పెరిగిందో లెక్క కట్టాం. ఆ ఏడాదిన్నర వడ్డీ ఎంత, అది ఎవరు కడతారు అని మాలో ఒక్కరం అడగలేదు. అది మా పట్టికలో లేదు. భూటాన్ లెక్కలు చదువుతుంటే ఆ గళ్ల కాగితమే కళ్ల ముందు కనిపించింది.

ఒప్పందం విడగొట్టుకున్నా అప్పే. మాలే విమానాశ్రయాన్ని కట్టి నడిపే పని 2010లో మన రాజాం వాస్తవ్యుడు స్థాపించిన జీఎంఆర్ సంస్థకు దక్కింది. 2012లో అక్కడ ప్రభుత్వం మారాక ఆ ఒప్పందం రద్దు చేశారు. వివాదం సింగపూర్‌లో మధ్యవర్తుల ముందుకు వెళ్లింది. 2016లో మాల్దీవులు 27 కోట్ల డాలర్ల దాకా చెల్లించాల్సి వచ్చింది. తలకు ఐదు వందల డాలర్ల పైమాటే. ఏ అప్పు పద్దులోనూ అంతకుముందు కనిపించని బాకీ అది.

ఇక మెచ్చుకోవలసింది ఒకటి. 2008 నాటి భూటాన్ రాజ్యాంగంలో రెండు నియమాలున్నాయి. ప్రభుత్వ రోజువారీ ఖర్చులు దేశం సొంత ఆదాయంలోంచే పెట్టుకోవాలి. కనీసం ఏడాదిపాటు అత్యవసర దిగుమతులకు సరిపడా విదేశీ మారకం నిల్వ ఉంచుకోవాలి. అప్పు తెచ్చి జీతాలివ్వకూడదు, ధాన్యం గాదె అడుగంటనివ్వకూడదు అని మన అమ్మమ్మలు చెప్పినవే. ఆపద రాకముందే రాసిపెట్టుకోవడంలో ఉంది వాళ్ల తెలివి.

మనకూ ఈ లెక్కలు పనికొస్తాయి. ఈ హాల్లో పిల్లల విదేశీ చదువుకు అప్పు చేసినవాళ్లు చాలామంది ఉన్నారు. రేపు సంతకం పెట్టబోయే కుర్ర ఇంజనీర్లూ ఉన్నారు. "ఎంత అప్పు?" అని ఆగిపోకండి. దేనికోసం? ఏ కరెన్సీలో? ఎప్పుడు కట్టాలి? ఆదాయం మూడో వంతు తగ్గితే ఏమవుతుంది? ఇంజనీర్లకు ఐదోది కూడా ఉంది: పని ఆలస్యమైతే వడ్డీ ఎవరి నెత్తిన పడుతుంది? అంచనా పట్టికలో ఆ గడి ఒకటి గీయండి. మేం గీయలేదు.

ప్రమాణం రాయలేదని మార్కు కోసిన మాస్టారి మీద ఆ రోజు చాలా కోపం వచ్చింది. ఇవాళ ఆయనకు ఈ వేదిక మీంచి నమస్కరిస్తూ సెలవు తీసుకుంటున్నాను.