ఫ్లాట్‌లో ప్రశాంతత కావాలంటే లక్షలు పెట్టాలా?

ఈరోజు ఎపిసోడ్ కొత్త ఫ్లాట్‌లోకి దిగుతున్నవాళ్ల కోసం. తాళాలు చేతికి రాగానే మనం ఏం చేస్తాం? ఇంటీరియర్ కొటేషన్ తీసుకుంటాం. ఫాల్స్ సీలింగ్, టీవీ యూనిట్, తళతళలాడే లామినేట్. ఇంటి ఈఎంఐ మీద ఇంకో ఈఎంఐ. అంత పెట్టి కూడా సాయంత్రం ఇంటికొచ్చి కూర్చుంటే తల తేలిక పడదు. ఎందుకంటారు?

విట్రిఫైడ్ టైల్స్, గాజు, నున్నటి లామినేట్... అన్నీ గట్టివే. శబ్దం వాటికి తగిలి వెనక్కొస్తుంది. అందుకే వంటింట్లో మిక్సీ వేస్తే హాలంతా మోగుతుంది. పైన 6500 కెల్విన్ తెల్ల ఎల్‌ఈడీ వేస్తే, నేల మీద ఇంకో లైటు కనిపిస్తుంది. ఇక కళ్లకీ, చెవులకీ రెస్ట్ ఎక్కడ? కాబట్టి డిజైన్ అంటే ముందు ఈ రెండూ తగ్గించడం.

నేలతో మొదలుపెడదాం. హాల్లో ఒక వరంగల్ దరీ పరచండి. నూలుతో నేసిందే, 2018లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది. ఇంకా మందంగా కావాలంటే ఏలూరు ఉన్ని తివాచీ. కర్టెన్లకి మంగళగిరి నూలు గుడ్డ బాగుంటుంది. కుట్టించే ముందు ఒకసారి తడిపి ఆరేయండి, లేకపోతే తర్వాత కురచైపోతాయి. లైట్లు 2700 నుంచి 3000 కెల్విన్ మధ్య తీసుకోండి. అద్దె ఇల్లయినా సరే, ఇవన్నీ మీతోపాటే వచ్చేస్తాయి.

ఇక చెక్క సంగతి. కొత్త కప్‌బోర్డు తెరవగానే కళ్లు మండుతున్నాయా? చాలా ప్లైవుడ్, ఎండీఎఫ్‌లలో వాడే జిగురు నుంచి ఫార్మాల్డిహైడ్ అనే వాయువు వస్తుంది. ఆర్డర్ ఇచ్చేటప్పుడే 'ఈ-0', లేదా కనీసం 'ఈ-1' గ్రేడ్ అడగండి. బిగించాక కొన్ని వారాలు కిటికీలు తీసి ఉంచండి. ఊళ్లో అమ్మమ్మగారి టేకు బల్ల మూలన పడుంటే, పాలిష్ పెట్టించి తెచ్చుకోండి. అంతకన్నా మంచి చెక్క షోరూమ్‌లో దొరకడం కష్టం.

సహజమైనవన్నీ మెయింటెనెన్స్ లేనివి అనుకోకండి. తాండూరు బండ సున్నపురాయి జాతి. నిమ్మరసం, చింతపండు పులుసు పడితే మచ్చ ఉండిపోతుంది. బాల్కనీకి సూపర్, వంటగట్టుకి వద్దు. పడమటి ఎండ కొట్టే బాల్కనీకి వట్టివేళ్ల తడికలు కట్టి నీళ్లు చల్లండి. హైదరాబాద్ పొడి ఎండకి గాలి చల్లగా, వాసనగా వస్తుంది. విశాఖ ఉక్కపోతలో మాత్రం అంత పని చేయవు.

చివరిగా ఒక్క మాట. కొటేషన్ మీద సంతకం పెట్టే ముందు ఆ ఇంట్లో ఒక నెల ఉండండి. ఎండ ఎటు పడుతోంది, శబ్దం ఎటు నుంచి వస్తోంది, మీరు రోజూ ఎక్కడ కూర్చుంటున్నారు, చూసుకోండి. లిస్టులో సగం మీరే కొట్టేస్తారు. మిగిలిన డబ్బుతో అప్పు కొంత తీర్చేయండి. నిద్ర బాగా పట్టడానికి దాన్ని మించిన ఇంటీరియర్ లేదు. ఉంటాను మరి, బై!