కేస్ షీటులో ‘గుబులు’

ఈ వక్త ఏ సభలో మైకు పట్టుకున్నా చివరికి ‘గుబులు’ దగ్గరికే వస్తాడని ముందు వరుసలోని పాత మిత్రులకు తెలుసు. అందుకే ఈసారి మొదలే అక్కడ.

చాలా ఏళ్ల కిందటి సంగతి. నాచారం పారిశ్రామికవాడ దగ్గరి ఓ చిన్న క్లినిక్కుకు నైట్ షిఫ్టు దిగి లేత్ మిషన్ కార్మికుడొకడు వచ్చాడు. గోళ్ల సందుల్లో ఇంకా గ్రీజు. చేతిలోని కవరులో మూడు ఈసీజీలు, ఒక ఎండోస్కోపీ రిపోర్టు, గ్యాస్ మాత్రల ఖాళీ స్ట్రిప్పులు. రిపోర్టులన్నీ నార్మల్. ‘పొద్దుగూకితే లోపల గుబులు గుబులుగ ఐతది సార్’ అన్నాడు. డాక్టరు రాసింది ‘గ్యాస్ట్రైటిస్’. ఆ డాక్టరు మరెవరో కాదు, ఇప్పుడు అధ్యక్ష స్థానంలో నిలబడ్డవాడే. ‘నిద్ర ఎట్లుంది?’ అని అడగడానికి మరో రెండు విజిట్లు పట్టింది. రాత్రి మూడింటికే మెలకువ వస్తోందనీ, పిల్లల మీద కూడా ధ్యాస ఉండటం లేదనీ అప్పుడు బయటపడింది.

గుబులంటే భయమా, దిగులా, రాబోయేదేదో ముందే తెలిసినట్టుండే అలజడా? మూడూ కొంచెం కొంచెం. రామంతాపూర్ పెద్దాయనకు అదే ‘బేజారు’, హబ్సిగూడ ఉద్యోగికి ‘టెన్షన్’, పల్లె నుంచి ఉప్పల్ రింగు రోడ్డులో బస్సు దిగిన అమ్మకు ‘పాణం బాగలేదు’. ఈ నాలుగూ కేస్ షీటులో ఒకే ఇంగ్లీషు మాటగా మారిపోతున్నాయి. కుంగుబాటును పట్టడానికి 2001లో వచ్చిన పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళి మంచి పనిముట్టే, కాదనేవారు లేరు. కానీ ఆ తొమ్మిది ప్రశ్నలనూ పుస్తకాల తెలుగులో చదివి వినిపిస్తే, రోగి మర్యాద కోసం తలూపుతాడు. ఆ తలూపుడికే మార్కులు పడతాయి.

ఇక ప్రాక్టీసులో ఉన్న డాక్టరు మళ్లీ చదువుకునే దారి సంగతి. ఎంబీబీఎస్‌లో మానసిక వైద్యానికి విడి పరీక్షే లేదు. జనరల్ మెడిసిన్‌లో ఓ మూల. 1955లో బెంగళూరులో మొదలైన మానసిక వైద్య డిప్లొమా, డీపీఎం, ఒక తరానికి దారి చూపింది. తర్వాత మెడికల్ కాలేజీల డిప్లొమా సీట్లు డిగ్రీ సీట్లుగా మారుతూ పోయాయి. 2020లో నేషనల్ బోర్డు రెండేళ్ల డిప్లొమాలను ఎనిమిది విభాగాల్లో తెచ్చింది. చెవి, ముక్కు, గొంతుకు చోటు దొరికింది. మనసుకు దొరకలేదు.

చట్టం మాత్రం వేరే మాట చెబుతోంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 31వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ ఆసుపత్రుల్లోని మెడికల్ ఆఫీసర్లందరికీ ప్రాథమిక, అత్యవసర మానసిక వైద్యంలో శిక్షణ ఇవ్వాలి. చట్టం అమల్లోకి వచ్చింది 2018 మే 29న. నిపుణుల సంఖ్యను అంతర్జాతీయ ప్రమాణానికి చేర్చడానికి అది పెట్టుకున్న గడువు పదేళ్లు. వేళ్ల మీద లెక్క పెట్టుకోవచ్చు. 2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే, చికిత్స అందనివారు జబ్బును బట్టి నూటికి 70 నుంచి 92 మంది అని తేల్చింది. అది తిరిగిన 12 రాష్ట్రాల్లో తెలంగాణా లేదు, ఆంధ్రప్రదేశూ లేదు. మన గుబులు ఆ లెక్కలోకే ఎక్కలేదన్నమాట.

మూడేళ్ల ఎండీ చేయనివాడు ఈ వైద్యం జోలికే పోకూడదనే మిత్రులు ఈ సభలోనే ఉన్నారు. వారి మాట ప్రకారం నాచారం కార్మికుడు ఒకరోజు జీతం వదులుకుని, ఉప్పల్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, ఎర్రగడ్డలో మానసిక వైద్యశాల దగ్గర దిగాలి. ఎర్రగడ్డ పేరు వింటేనే ఇంట్లోవాళ్లు గొంతు తగ్గించే ఊరిది! అటు చివర ఇంకో రకం ఉంది. నాలుగు వారాంతాలు వీడియోలు చూపించి, బంగారు అంచు సర్టిఫికెట్ చేతిలో పెట్టేవారు. తెల్లారేసరికి క్లినిక్ బోర్డు మీద ‘మానసిక నిపుణులు’ అని కొత్త రంగు. పేర్లు చెప్పడం అధ్యక్షుడి పని కాదు.

ఈ రెంటి నడుమ బెంగళూరు మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వేసిన బాట ఉంది. 1980ల్లో బళ్లారి జిల్లాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు నేర్పిన అనుభవమే 1996 నాటి జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి నమూనా. ఈమధ్య అదే సంస్థ, డాక్టరు తన ఓపీలో తన రోగిని చూస్తుండగా సైకియాట్రిస్టు వీడియోలో ఉండి నేర్పే పద్ధతి తెచ్చింది. లెక్చరులో చెప్పలేనిది అక్కడ పట్టుబడుతుంది: డాక్టరు ‘నిద్ర’ అని అడిగిన క్షణంలో రోగి కళ్లు ఎటు పోయాయన్నది. ఏ డిప్లొమా అయినా ఇలా పక్కన ఒకరు చూస్తుండగా చూసిన రోగులను లెక్కలోకి తీసుకోవాలి, చూసిన వీడియోలను కాదు. రోగి చెప్పిన మాటను చెప్పినట్టే కేస్ షీటు మొదటి వరుసలో రాయించాలి. తెలుగైతే తెలుగు, దక్కనీ అయితే దక్కనీ. ఇప్పుడు షెడ్లలో ఒడిశా కుర్రాళ్లూ ఉన్నారు, వాళ్ల మాట కూడా.

సీసీఎంబీ పరిశోధనా కేంద్రం వాళ్లు జన్యువుల అక్షరాలు చదువుతున్న రోడ్డు మీదే మన పేషంట్ల మాటలు చదివినవారు లేరు. పాతికేళ్లు ఓపీ చీటీలు రాసి రిటైరైన ఒక నర్సమ్మ మాత్రం విన్న ప్రతి కొత్త మాటనూ నోట్‌బుక్కులో రాసుకుంది. ‘గుబులు’కే రెండు పేజీలు. అచ్చు వేయమని ఈ వక్త తిరిగిన చోటల్లా, ఇది పరిశోధన కిందికి రాదన్నారు. ఆ నోట్‌బుక్కులు మూడూ బయట రిజిస్ట్రేషన్ బల్ల మీద ఉన్నాయి. కుట్టు ఊడిపోతోంది, పేజీలు మెల్లగా తిప్పాలి.