బెత్నల్ గ్రీన్ స్టేషను మెట్లు

లండను నగరపు తూర్పు భాగమున బెత్నల్ గ్రీన్ అను భూగర్భ రైలు స్టేషను కలదు. 1936లో ఆ మార్గపు పని మొదలై, యుద్ధము వచ్చుటచే నిలిచిపోయెను. రైలు రాకపూర్వమే, 1940 నుండి అది బాంబులకు వెఱచిన ప్రజలకు తలదాచుకొను చోటయ్యెను. లోనికి పోవుటకు ద్వార మొక్కటే. దానిని బాగుచేయుటకు పురపాలక సంఘమువారు 1941లో అనుమతి కోరగా పైయధికారు లంగీకరింపరైరి.

1943 మార్చి 3వ తేదీ రాత్రి 8 గంటల 17 నిమిషములకు సైరను మ్రోగెను. జనులు నెమ్మదిగనే దిగుచుండిరి. పది నిమిషములకు సమీపోద్యానమున క్రొత్తరకపు రాకెట్టు ఫిరంగులు ప్రేలెను. ఎన్నడును వినని ఆ ధ్వనిని బాంబని తలచి జనులు ముందుకు త్రోసికొనిరి. మెట్లు వానకు తడిసియుండెను. నడుమ పట్టుకొనుటకు కమ్మి లేదు. దీపము మిక్కిలి మసక. అడుగున బిడ్డతో దిగుచున్న యొక స్త్రీ తొట్రిలి పడెను. ఆమెపై నొకరు, వారిపై పలువురు పడిరి. 173 మంది ఊపిరాడక మరణించిరి. అందు 62 మంది పిల్లలు. ఆ రాత్రి అచ్చట ఒక్క బాంబైనను పడలేదు.

విచారణ నివేదికను ప్రభుత్వము 1945 వఱకు వెల్లడింపలేదు. 1946 డిసెంబరు 4న స్టేషనుకు రైళ్లు వచ్చెను. మృతుల స్మారకము 2017లో గాని పూర్తికాలేదు.

జనము గూడు తావున వెలుతురు, ఊతకమ్మి, రెండవ త్రోవ ముందుగా నమర్చుట పెద్దల విధి. పిమ్మట కట్టిన స్మారకము పోయిన ప్రాణములను తేజాలదు.