గాలిలో ఐదో వంతు
జీవితమంతా సైన్సు చెప్పిన ఒక ఉపాధ్యాయుని స్మృతిలో జరుగుతున్న సభ కనుక పాఠం గురించే మాట్లాడతాను. మన బడుల్లో ఆక్సిజన్ పాఠం పేరుతో మొదలవుతుంది. గాలిలో అది 21 శాతం, మండటానికి తోడ్పడుతుంది, బతకడానికి అవసరం. మూడూ నిజమే. కానీ వాటిని తేల్చుకోవడానికి యూరప్‌లో నూరేళ్లకు పైగా పట్టింది. అక్కడ కొలత ముందు వచ్చింది, పేరు తర్వాత వచ్చింది. తరగతిలో కూడా అదే వరస ఉండాలన్నది నా వాదం.

మూసిన పాత్రలో దీపం ఆరిపోతుంది, ఎలుక చచ్చిపోతుంది. గాలిలో ఏదో ఒక భాగమే ఈ రెంటికీ పనికొస్తోందని ఇంగ్లండులో జాన్ మేయో 1674లోనే రాశాడు. ఆ దారిన ఎవరూ గట్టిగా నడవలేదు. మండే వస్తువులోంచి ఫ్లోజిస్టన్ అనే పదార్థం బయటికి పోతుందన్న సిద్ధాంతం తర్వాతి శతాబ్దాన్ని ఏలింది. 1774 ఆగస్టు 1న జోసెఫ్ ప్రీస్ట్లీ పెద్ద భూతద్దంతో ఎర్రని పాదరస భస్మం మీదికి ఎండను మళ్లించాడు. వచ్చిన వాయువులో కొవ్వొత్తి దేదీప్యంగా వెలిగింది. మరుసటి ఏడాది అందులో ఎలుకను ఉంచితే, మామూలు గాలిలో పావుగంట బతకవలసింది అరగంట బతికింది. స్వీడన్‌లో షేలే అంతకుముందే ఆ వాయువును తయారు చేశాడు, పుస్తకం మాత్రం 1777లో వచ్చింది. ఇద్దరికీ ఆక్సిజన్ చేతికి చిక్కింది. అయినా ఇద్దరూ దాన్ని ఫ్లోజిస్టన్ భాషలోనే అర్థం చేసుకున్నారు. కళ్లతో చూసినంత మాత్రాన తెలిసినట్టు కాదనడానికి సైన్సు చరిత్రలో ఇంతకన్నా మంచి సాక్ష్యం నాకు కనబడదు.

లెక్క తేల్చినవాడు పారిస్‌లోని లవోజియే. యాభై ఘనపు అంగుళాల గాలితో కలిపి పాదరసాన్ని పన్నెండు రోజులు వేడి చేశాడు. రెండో రోజు నుంచి పాదరసం మీద ఎర్రని రేణువులు తేలాయి. చివరికి మిగిలిన గాలి 42, 43 ఘనపు అంగుళాలు. అందులో దీపం నిలవలేదు. ఆ ఎర్రని రేణువులను ఏరి మరింత వేడి చేస్తే ఏడెనిమిది ఘనపు అంగుళాల వాయువు తిరిగి వచ్చింది. దాన్ని మిగిలిన గాలిలో కలిపితే మళ్లీ మామూలు గాలే. పోయినదెంతో వచ్చినదీ అంతే అయ్యాక ఫ్లోజిస్టన్‌కు చోటు లేకపోయింది.

కూలిపోయిన సిద్ధాంతాన్ని పిల్లలకు చెప్పి అయోమయంలో పడేయడం దేనికని అడగవచ్చు. దాని పేరు చెప్పనక్కర్లేదు, ఆ ఊహ పిల్లల్లో ముందే ఉంది. కట్టె కాలితే గుప్పెడు బూడిద మిగులుతుంది కనుక, మండితే ఏదో పోతుందనే వాళ్లు అనుకుంటారు. తుప్పు పట్టిన ఇనుము బరువు పెరుగుతుందని తూకంలో చూపిస్తే ఆ ఊహ అక్కడే ఆగి ఆలోచిస్తుంది. లవోజియే కూడా పొరబడ్డాడు కదా అనేవారూ ఉంటారు. నిజమే. ప్రతి ఆమ్లంలోనూ ఆక్సిజన్ ఉండి తీరాలన్నాడు. 1810 నాటికి హంఫ్రీ డేవీ అది తప్పని చూపాడు. కానీ ఆ ఊహ పోయినా పాదరసం లెక్క చెక్కుచెదరలేదు. కొలతను ముందు పెట్టమనడం అందుకే.

సిలబస్‌కు టైము చాలదన్న అభ్యంతరం అన్నిటికన్నా బరువైనది, ఉపాధ్యాయుల కష్టం అందులో ఉంది. అయితే పళ్లెంలో నీళ్లు పోసి, వెలుగుతున్న కొవ్వొత్తి మీద గ్లాసు బోర్లించే ప్రయోగానికి ఇప్పటికే టైము ఇస్తున్నాం. నీళ్లు పైకి ఎక్కగానే ఆక్సిజన్ ఖర్చయిందని రాయిస్తున్నాం. జాగ్రత్తగా చూస్తే నీళ్లు ఎక్కువగా ఎక్కేది మంట ఆరాక, లోపలి వేడి గాలి చల్లబడి కుంచించుకున్నప్పుడు. రెండు మూడు కొవ్వొత్తులు పెడితే ఇంకా పైకి వస్తాయి, గ్లాసులో ఆక్సిజన్ మాత్రం పెరగలేదు. పైగా కొవ్వొత్తి ఆరేసరికి లోపల ఆక్సిజన్ చాలానే మిగిలి ఉంటుంది. దీనికి బదులు తడిపిన పరీక్షనాళిక లోపలి గోడలకు ఇనుప రజను అంటించి, నీళ్లలో తలకిందులుగా నిలబెట్టి వదిలేయండి. కొన్ని రోజుల్లో రజను తుప్పు పడుతుంది, నీళ్లు దాదాపు ఐదో వంతు ఎత్తుకు వచ్చి ఆగిపోతాయి. రోజుకొకసారి స్కేలు పెట్టి గుర్తు గీసుకోవడమే పని. 21 శాతం అన్న అంకె ఆ తర్వాత చెబితే పిల్లవాడికి తాను గీసిన గీత గుర్తుంటుంది.

మొక్కల సంగతీ ఇంతే. దీపం ఆరిన గాలిలో పుదీనా రెమ్మ ఉంచితే కొన్నాళ్లకు ఆ గాలి మళ్లీ దీపాన్ని నిలుపుతుందని ప్రీస్ట్లీ 1771లో గమనించాడు. ఆ పని ఆకుపచ్చ భాగాలు వెలుతురులోనే చేస్తాయని 1779లో ఇంగెన్‌హౌజ్ తేల్చాడు. రావిచెట్టు రాత్రి కూడా ఆక్సిజన్ వదులుతుందని మనవాళ్లు నేటికీ నమ్మకంగా చెబుతారు. రావి మీద గౌరవానికి ఆ మాట ఆధారం కానక్కర్లేదు. చీకట్లో ఏ చెట్టయినా మనలాగే ఆక్సిజన్ వాడుకుంటుంది. ఇక మనం పీల్చేది ఆక్సిజన్, వదిలేది కార్బన్ డయాక్సైడ్ అని నోట్సులో రాయించే వాక్యం ఉంది. వదిలే ఊపిరిలో ఇంకా పదహారు శాతం దాకా ఆక్సిజన్, నాలుగు శాతం మేర కార్బన్ డయాక్సైడ్ ఉంటాయి. శ్వాస ఆగిన మనిషికి నోటితో ఊదిన ఊపిరి పనికొస్తున్నది అందువల్లనే. అది ఎలా సాధ్యమని తొమ్మిదో తరగతి పిల్ల అడిగితే, ఆ నోట్సు దగ్గర జవాబు లేదు.